పొయ్యి తుడిచే పని

పోయిన వేసవిలో మా పెరట్లో మంటలు లేచాయి. పెద్ద ప్రమాదమేమీ కాదు, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ పది నిమిషాలు నన్ను చాలా దూరం తీసుకెళ్ళాయి, టెక్సాస్ నుంచి పామర్రు దాకా.

డాలస్ శివార్లలో మేముండే ఇంటి వెనక ఒక గ్యాస్ గ్రిల్లు ఉంది. బార్బెక్యూ అన్నా గ్రిల్లు అన్నా ఇక్కడి తెలుగువాళ్ళకి ఒకటే. ఆ శనివారం సాయంత్రం నాలుగు కుటుంబాలు వచ్చాయి. అల్లం వెల్లుల్లి, కారం, పెరుగు పట్టించి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచిన చికెన్, పక్కన మొక్కజొన్న కండెలు. వంటవాణ్ణి నేనే. పట్టకారు పట్టుకుని, ఏప్రాన్ కట్టుకుని, అందరి పొగడ్తలూ వింటూ నిలబడ్డాను. ఉన్నట్టుండి అడుగునుంచి పసుప్పచ్చ మంట ఎగిసింది. నాబులన్నీ కట్టేశాను, సిలిండర్ కట్టేశాను. మంట తగ్గలేదు. ఎందుకంటే అప్పుడు కాలుతున్నది గ్యాస్ కాదు, మూడేళ్ళుగా అడుగున పేరుకుపోయిన కొవ్వు. ఎవరో నీళ్ళ పైపు అందుకోబోయారు. ఆర్నెల్ల వీసా మీద వచ్చిన మా అమ్మ “నీళ్ళొద్దు, నీళ్ళొద్దు” అని కేకేసి, వంటింట్లోంచి ఉప్పు డబ్బా తెచ్చి మంట మీద కుమ్మరించింది. మూత వెయ్యమంది. కాసేపటికి పొగ మిగిలింది.

అందరూ వెళ్ళాక అమ్మ ఒక్కటే అడిగింది. “ఏరా, ఈ పొయ్యి కొన్నాక ఎప్పుడన్నా తుడిచావా?”

లేదు. పైన జాలీని ఓసారి బ్రష్‌తో గీకడం తప్ప, దాని కింద ఏముందో నేను చూడనే లేదు. మంట మంటే, దానికి శుభ్రం చేసుకునేదేముంటుందనుకున్నాను. ఆ మాటంటే అమ్మ నవ్వలేదు. “మీ అమ్మమ్మ వినుంటే చీపురు తిరగేసుండేది” అంది.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం కూర్చుని దాన్ని విప్పాం.

*

గ్యాస్ గ్రిల్లు లోపల ఏముంటుందో తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. పైన వంట సరుకు పెట్టే ఇనప జాలీ. దాని కింద గుడిసె కప్పులా వంచిన రేకులు. కారే కొవ్వు నేరుగా మంట మీద పడకుండా ఇవి కాపు కాస్తాయి. వాటి కింద వరసగా రంధ్రాలున్న బర్నర్ గొట్టాలు. అన్నిటికన్నా అడుగున కొవ్వు దిగే పళ్ళెం, దాని చివర ఓ చిన్న గిన్నె. తుడవడమంటే ఈ నాలుగంతస్తులూ పైనుంచి కిందికి తుడవడం. మొదట సిలిండర్ విప్పి దూరంగా పెట్టాలి. జాలీని సబ్బు నీళ్ళలో నానబెట్టాలి. రేకుల మీది మసి గీకాలి. బర్నర్ రంధ్రాల్ని బ్రష్‌తో అడ్డంగా తుడవాలి, లేకపోతే మురికి లోపలికే పోతుంది. పళ్ళెం ఖాళీ చెయ్యాలి. నేను మూడేళ్ళుగా మర్చిపోయింది, అంటే నిజానికి నాకు తెలియనే తెలియంది, ఈ ఆఖరిదే.

తీగల బ్రష్ చూసి అమ్మ మొహం చిట్లించింది. “దీని ముళ్ళు ఊడి తిండిలో పడితే?” అంది. ఆ భయం ఉత్తది కాదు. రోడ్ ఐలండ్‌లోని ప్రావిడెన్స్‌లో గ్రిల్లు బ్రష్ తీగలు మాంసంతోపాటు మింగి ఆస్పత్రి పాలైన ఆరుగురి గురించి అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2012లో ఒక నివేదిక వేసింది. అమ్మకి ఆ సంగతి తెలీదు. ఆవిడ సగానికి కోసిన ఉల్లిపాయని ఫోర్కుకి గుచ్చి, వేడి జాలీ మీద నూనెతో రుద్దింది. అట్ల పెనానికి మనం చేసేదే. జాలీ నల్లగా మెరిసింది.

ఒక బర్నర్ గొట్టం మొదట్లో సాలెగూడు కనబడింది. గ్యాస్ గొట్టాల్లోకి సాలీళ్ళు చేరడం కొత్తేమీ కాదు. 2011లో మాజ్దా కంపెనీ ఒక రకం సాలీడు ఇంధన ట్యాంకు గాలిగొట్టంలో గూడు కడుతోందని వేల కార్లని వెనక్కి పిలిపించింది. గ్రిల్లులో గూడు అడ్డం పడితే గ్యాస్ ముందుకు పోలేక వెనక్కి తన్నుతుంది. మంట బర్నర్ దగ్గర కాకుండా నాబుల దగ్గర లేస్తుంది. చివర్లో సిలిండర్ మళ్ళీ బిగించి, అతుకుల మీద సబ్బు నురగ రాసి బుడగలొస్తున్నాయేమో చూశాం. ఈ పని నాకన్నా అమ్మకే బాగా తెలుసు. పామర్రులో కొత్త సిలిండర్ పెట్టినప్పుడల్లా చేసేదట.

ఆ పూటంతా అమ్మ పొయ్యిల గురించి చెప్తూనే ఉంది. నేను వింటూ ఒక సంగతి గమనించాను. మనం చదివే నిప్పు చరిత్రంతా వెలిగించినవాళ్ళ చరిత్ర. ఆదిమానవుడు రాపిడితో నిప్పు పుట్టించాడు, ఎవరో స్టవ్ కనిపెట్టారు, ఇంకెవరో గ్యాస్ తెచ్చారు. ఆర్పాక మిగిలినదాన్ని ఎవరు ఎత్తారన్నది ఎక్కడా రాసి ఉండదు. సాఫ్ట్‌వేర్‌లోనూ అంతే. కొత్త ఫీచర్ కట్టినవాడికి చప్పట్లు, పాత కోడ్ శుభ్రం చేసినవాడికి ఇంకో టికెట్టు. అందుకే ఈ వ్యాసం తుడిచే వైపు నుంచి రాయాలనిపించింది.

*

పామర్రు గురించి తెలియనివాళ్ళకి దాన్ని ఓ కూడలిగా చెప్పొచ్చు. బెజవాడ నుంచి బందరు పోయే రోడ్డు మీద ఉంటుంది. అక్కణ్ణుంచే ఒక దారి గుడివాడకి, ఇంకో దారి కూచిపూడి మీదుగా చల్లపల్లికి, దివిసీమకి. చుట్టూ వరి. 1852లో మొదలుపెట్టి 1855కల్లా చార్లెస్ ఆర్ బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట కట్టించాక కాలవలొచ్చాయి. కాలవలతో వరి విస్తరించింది. వరి విస్తరించాక పొయ్యి కూడా మారింది. ఈ చివరి సంగతి ఆనకట్ట చరిత్రల్లో పెద్దగా కనబడదు.

డెల్టాలో అడవి లేదు. వంటచెరుకు ఎప్పుడూ కరువే. తుమ్మ కొమ్మలు, తాటి మట్టలు, కొబ్బరి మట్టలు, సముద్రం వైపు సర్వి కట్టెలు, మడ చెట్ల పుల్లలు, అన్నిటితోపాటు పిడకలు. వీటికి మిల్లుల దగ్గర దొరికే ఊక తోడైంది. ధాన్యం తూకంలో సుమారు ఐదో వంతు ఊకే. రేకు డబ్బా మధ్యలో రోకలో సీసానో నిలబెట్టి, చుట్టూ ఊక దట్టించి, మెల్లగా దాన్ని పైకి లాగేస్తే నడుమ ఓ బొక్క మిగులుతుంది. కింద కన్నంలోంచి పుల్ల పెట్టి అంటిస్తే గంటల తరబడి కాలుతుంది. అదే ఊక పొయ్యి. దట్టించడం సరిగ్గా రాకపోతే మధ్యలో కూలిపోయి ఇల్లంతా పొగ. ఊకలో ఇసక లాంటి సిలికా ఎక్కువ కాబట్టి కాలాక కూడా బూడిద దండిగా మిగులుతుంది. రోజూ దాన్ని ఎత్తిపొయ్యాల్సిందే.

మా అమ్మమ్మ రోజు ఆ పనితోనే మొదలయ్యేదట. తెల్లారకముందే లేచి, నిన్నటి బూడిద చేటలోకి ఎత్తి, పొయ్యిని పేడా ఎర్రమట్టీ కలిపి అలికి, మూడు పొయ్యిగడ్డల చుట్టూ ముగ్గు గీత వేసి, ఆరాక గానీ నిప్పు వేసేది కాదు. అలకడం ఆచారమే కాదు, రిపేరు కూడా. రోజూ వేడికి మట్టి బీటలేస్తుంది, బీటల్లోంచి వేడి పోతుంది. రోజూ ఒక పలచని పూత పడితే బీట పెద్దది కాదు. ఇంజనీరింగ్‌లో నాలుగేళ్ళు చదివి ప్రివెంటివ్ మెయింటెనెన్స్ అనే మాట నేర్చుకున్నాను. అమ్మమ్మ దాన్ని మడి అంది.

అప్పటి పొయ్యికీ ఇప్పటి గ్రిల్లుకీ ఒక పెద్ద తేడా ఉంది. పాత పొయ్యి తుడిస్తే చేతికొచ్చేది చెత్త కాదు, సరుకు. బూడిదతో గిన్నెలు తోమేవాళ్ళు. కచ్చికతో పళ్ళు తోమేవాళ్ళు. పొట్ల పాదు మీద పురుగు పడితే బూడిద చల్లేవాళ్ళు. మిగిలింది పెంటకుప్పలోకి, అక్కణ్ణుంచి పొలంలోకి. దాలిలో పాలు కాగిన పిడకల బూడిదకి కూడా ఓ దారి ఉండేది. నా గ్రిల్లు పళ్ళెంలో దొరికిన కొవ్వు ముద్దని మాత్రం ప్లాస్టిక్ సంచీలో కట్టి చెత్తబుట్టలో పడేశాను. దాన్ని ఏం చేసుకోవాలో అమ్మకీ తోచలేదు.

మన భాషలో ఒక మాటుంది, పొయ్యిలో పిల్లి లేవలేదని. వంట చెయ్యడానికేమీ లేని ఇంటి గురించి అంటాం. నిప్పు లేని పొయ్యిలో, మిగిలిన గోరువెచ్చని బూడిదలో పిల్లి ముడుచుకుని పడుకుంటుంది. ఇల్లాలు తుడవడానికొస్తే లేస్తుంది. లేవలేదంటే ఎవరూ తుడవడానికి రాలేదని. ఆకలిని చెప్పడానికి మనవాళ్ళు మంటని కాదు, తుడవడాన్ని గుర్తుగా పెట్టుకున్నారు.

*

సాహిత్యం చదివేవాళ్ళం కాబట్టి ఒక పాత సాక్ష్యం చూద్దాం. హాలుడి పేరు మీద వచ్చిన గాథాసప్తశతిలో వంటింటి గాథలున్నాయి. ఒకదాంట్లో వంట చేస్తూ మసి చేత్తో మొహం తుడుచుకున్న ఇల్లాలిని చూసి భర్త నవ్వుతాడు, మచ్చున్న చందమామలా ఉందని. ఇంకోదాంట్లో ఎంత ఊదినా రాజుకోని నిప్పుకి కవి ఒక కొంటె కారణం చెప్తాడు. ఆమె ఊపిరి పరిమళం కోసమే అది మండకుండా పొగలు కక్కుతోందట.

కాలేజీ రోజుల్లో అవి చదివి మురిసిపోయాను. ఇప్పటికీ అవి మంచి గాథలే. కానీ అమ్మతో కలిసి మసి గీకిన తర్వాత మళ్ళీ చదివితే ఇంకోటి కనబడింది. ఆ రెండు చోట్లా కవి నిలబడింది పొయ్యికి ఇవతలి వైపు. పచ్చి కట్టె ముందు కూర్చుని ఊదినవాళ్ళకి అది పరిమళం గొడవ కాదు, కళ్ళ మంట. మసిలో అందం కనబడాలంటే దాన్ని కడిగే బాధ్యత మనది కాకపోవాలి. ఇది ఆ కవుల తప్పని అనను. శనివారం సాయంత్రం గ్రిల్లు పొగలో నిలబడి ఫొటో దిగిన నేను కూడా సరిగ్గా అక్కడే నిలబడి ఉన్నాను.

పొగని అందంగా కాకుండా సమస్యగా చూసిన ఇంజనీర్లు కూడా మనకున్నారు. హైదరాబాదు ఇంజనీరింగ్ రీసెర్చ్ లేబొరేటరీస్ డైరెక్టరుగా పనిచేసిన ఎస్. పి. రాజు 1953లో ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ద మిలియన్స్’ అనే చిన్న పుస్తకం వేశారు. ఆయన ప్రచారం చేసింది మట్టితోనే కట్టుకోగలిగే పొయ్యి. ఒకే మంట, వరసగా మూడు నాలుగు గిన్నెలకి చోటు, చివర పొగగొట్టం. కోట్లమందికి అందాలన్న ఆశ పేరులోనే ఉంది. తర్వాత 1980ల్లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటా మెరుగుపరిచిన పొయ్యిల పథకం పెట్టింది. 2002 దాకా నడిచింది.

ఆ పథకాలు ఎందుకు నిలవలేదంటే చాలా కారణాలు చెప్తారు. అన్నిట్లో మామూలుదీ నాకు ముఖ్యమనిపించేదీ ఒకటే. పొగగొట్టం మసితో మూసుకుపోతుంది. మూసుకుపోయాక పొగ మళ్ళీ వంటింట్లోకే వస్తుంది, ఇదివరకటికన్నా ఎక్కువగా. మట్టి బీటలిస్తుంది. మా అమ్మమ్మ ఇంట్లోనూ అలాంటి పొయ్యి ఒకటి ఎవరో వచ్చి కట్టిపోయారట. గొట్టం ఎలా దులపాలో చెప్పలేదు. దులపాలంటే ఇంటి కప్పెక్కాలి, ఆడవాళ్ళు ఎక్కరు, మగవాళ్ళకి అది వాళ్ళ పని అనిపించదు. రెండో వానాకాలానికి అమ్మమ్మ గొట్టం పీకించి మళ్ళీ మూడు పొయ్యిగడ్డలు పెట్టుకుంది. పాత పొయ్యి ఎలా బాగుచేసుకోవాలో ఆవిడ చేతులకి తెలుసు. కొత్త దాన్ని బాగుచేసే మనిషి ఎవరన్నది దాన్ని కట్టినవాళ్ళు ఆలోచించలేదు.

*

మధ్యలో కిరసనాయిలు కాలం ఒకటి వచ్చింది. స్వీడన్‌లో 1892లో ఫ్రాన్స్ లిండ్‌క్విస్ట్ మొదలుపెట్టిన ప్రైమస్ స్టవ్‌కి మన వంటిళ్ళలో పేరు పంపు స్టవ్. పంపు కొడితే ఒత్తిడి పెరిగి, వేడెక్కిన గొట్టంలో కిరసనాయిలు ఆవిరై సన్నని బొక్కలోంచి పైకి చిమ్ముతుంది. ఆ బొక్క మాటిమాటికీ పూడుకుపోయేది. దానికోసం రేకుముక్కకి సన్నని తీగ అంటించిన పిన్నులు కొట్లో అమ్మేవాళ్ళు. వెలుగుతున్న స్టవ్ దగ్గర వంగి పిన్ను పొడవడం అప్పటి కోడళ్ళకి రోజువారీ పని.

ఆ రోజుల వార్తాపత్రికలు చూసినవాళ్ళకి ఒక వాక్యం గుర్తుండే ఉంటుంది, స్టవ్ పేలి గృహిణి మృతి. నిజంగా పేలినవి కొన్ని. కట్నం కోసం కాల్చేసి స్టవ్ మీదికి నెట్టినవి ఎన్నో. 1983లో శిక్షాస్మృతిలోకి 498ఎ సెక్షను, 1986లో వరకట్న మరణాలకి 304బి వచ్చింది ఈ నేపథ్యంలోనే. తుడిచే పని మీద చరిత్ర రాస్తూ ఈ మాట దాటెయ్యలేను. స్టవ్‌ని సరిగ్గా చూసుకోలేదన్న నిందని చచ్చిపోయిన మనిషి మీద వేస్తే, తిరిగి జవాబు చెప్పేవాళ్ళు లేరు. పొయ్యి బాధ్యత ఎవరిదన్న ప్రశ్నకి ఇంతకన్నా క్రూరమైన వాడకం ఉండదు.

*

ఇక గ్యాస్. ఒక చిన్న యాదృచ్ఛికం నాకు భలే నచ్చింది. బెజవాడలో ఆనకట్ట పూర్తవుతున్న 1854-55లోనే జర్మనీలోని హైడల్‌బర్గ్‌లో రాబర్ట్ బున్సెన్, ఆయన ల్యాబ్ మెకానిక్ పీటర్ డెసాగా కలిసి ఒక బర్నర్ తయారుచేశారు. సన్నని జెట్టులోంచి దూసుకొచ్చే గ్యాస్ తన వేగంతోనే పక్కనున్న గాలిని లోపలికి లాక్కుంటుంది. ముందే గాలితో కలిసి కాలుతుంది కాబట్టి మంట నీలంగా, మసి లేకుండా ఉంటుంది. అమ్మ వంటింటి స్టవ్, నా గ్రిల్లు, రెండూ ఆ బర్నర్ మనవలే. నీలం మంట పసుప్పచ్చగా మారిందంటే గాలి చాలట్లేదని, అంటే ఎక్కడో మురికి చేరిందని. గిన్నె అడుగు నల్లబడుతుంది. స్టవ్ మనకి పంపే ఎర్రర్ మెసేజి అదే.

మన దేశంలో వంట గ్యాస్ 1950ల మధ్యలో బొంబాయిలో బర్మా షెల్ కంపెనీతో మొదలైంది. ఇండియన్ ఆయిల్ వారి ఇండేన్ 1965 అక్టోబరులో కలకత్తాలో మొదటి కనెక్షన్ ఇచ్చింది. విశాఖలో కాల్టెక్స్ రిఫైనరీ 1957లో వచ్చింది, 1970ల్లో ప్రభుత్వపరమై హిందుస్తాన్ పెట్రోలియం చేతికెళ్ళింది. పామర్రు లాంటి ఊళ్ళకి సిలిండర్ చేరేసరికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. పేరు రాయించుకుని సంవత్సరాలు ఎదురుచూసిన తరం మా అమ్మానాన్నలది.

గ్యాసొచ్చాక తుడిచే పని పోలేదు, మారింది. బూడిద ఎత్తడం పోయింది, పొంగిన పాల చార తుడవడం వచ్చింది. ఇత్తడి బర్నర్లని చింతపండూ ఉప్పూ వేసి తోమడం, రంధ్రాల్లో గుచ్చడం, రబ్బరు ట్యూబు ఐదేళ్ళకోసారి మార్చడం. పంపు స్టవ్ అలవాటు కొద్దీ జెట్టులో కూడా పిన్ను పొడిచేవాళ్ళుంటారు. అది తప్పు. జెట్టు బొక్క లెక్కగా తొలిచింది. ఇనప పిన్నుతో కాస్త పెద్దదైతే గ్యాస్ ఎక్కువొచ్చి మంట పసుప్పచ్చబడుతుంది. పాత పొయ్యి నేర్పిన తెలివి కొత్త పొయ్యికి ఒక్కోసారి అపకారం.

1999 జులైలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం దీపం పథకం తెచ్చింది. డ్వాక్రా మహిళలకి కనెక్షన్ డిపాజిట్ ప్రభుత్వమే కట్టింది. 2016లో కేంద్రం ఉజ్జ్వల పెట్టడానికి పదిహేడేళ్ళ ముందు సంగతిది. నాకు బాగా గుర్తుంది, అమ్మమ్మ పక్కింటి పిన్నికి అలాగే స్టవ్ వచ్చింది. వీధిలోకెల్లా తళతళలాడే స్టవ్ ఆవిడదే. మీద చేత్తో కుట్టిన గుడ్డ కప్పి ఉంచేది. అంత శుభ్రంగా ఎలా ఉందో చిన్నప్పుడు అర్థం కాలేదు. చుట్టాలొస్తే టీకి తప్ప ఆవిడ దాన్ని వెలిగించేది కాదు. రెండో సిలిండర్‌కి డబ్బులు కావాలి. అన్నం మాత్రం బయట పుల్లల పొయ్యి మీదే ఉడికేది. కనెక్షన్ల లెక్కల్లో ఆవిడిల్లు పొగలేని ఇల్లు. శుభ్రమైన స్టవ్ అన్నిసార్లూ శుభ్రమైన గాలికి గుర్తు కాదు. 2024 నవంబరు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా ఇస్తున్నారంటే, పావు శతాబ్దం తర్వాత సమస్య కనెక్షన్ కాదు, రీఫిల్ అని ఒప్పుకున్నట్టు.

ఇంకో విడ్డూరం. మా ఉమ్మడి జిల్లా నేల కిందే గ్యాసుంది. కైకలూరు, లింగాల దగ్గర ఓఎన్‌జీసీ బావులున్నాయి. కానీ ఆ సహజవాయువు ప్రధానంగా మీథేన్, అది గొట్టాల్లో పోతుంది. మన ఎర్ర సిలిండర్లో ఉండేది ప్రొపేన్, బ్యూటేన్. ఒకదాని జెట్టు ఇంకోదానికి పనికిరాదు. మీథేన్‌కి బొక్క పెద్దది కావాలి. గొట్టాలకీ తుడిచే పనుంటుంది. 2014 జూన్ 27న కోనసీమలోని నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పగిలి మంటలు లేచి 20 మందికి పైగా చచ్చిపోయారు. పొడి గ్యాస్ కోసం వేసిన గొట్టంలో తడి గ్యాస్ పోయి, లోపల తుప్పు పట్టి, చిల్లు పడింది. నా గ్రిల్లులో మూడేళ్ళు తుడవని పళ్ళెం ఉప్పు డబ్బాతో పోయింది. అక్కడ ఊరు పోయింది. గొట్టం పొడుగు మారినా నిర్లక్ష్యం రకం మారదు.

*

గ్రిల్లు కూడా గ్యాస్ కంపెనీల బిడ్డే. జార్జ్ స్టీఫెన్ 1952లో షికాగోలో ఒక బోయాని రెండుగా కోసి మూతున్న బొగ్గు గ్రిల్లు చేశాడు, అదే వెబర్. గ్యాస్‌తో నడిచేది 1960ల తొలి ఏళ్ళలో వచ్చింది. సహజవాయువు అమ్మే అర్కాన్సా లూసియానా గ్యాస్ కంపెనీ దాన్ని ఇళ్ళకి చేర్చినవాళ్ళలో ఒకటి. వంటింట్లో స్టవ్ ఎలాగూ ఉంది, పెరట్లో కూడా ఒకటుంటే గ్యాస్ ఇంకాస్త అమ్ముడుపోతుంది. పెరటి వంట మగవాడి వంటగా ప్రకటనల్లో స్థిరపడింది. వంటింట్లో రోజువారీ మంట ఆమెది, ఆదివారం మంట అతనిది.

మనకిది కొత్తా? కాదు. పామర్రులో పెళ్ళంటే గాడిపొయ్యి తవ్వేవాళ్ళు. ఇంటి వెనక పొడుగ్గా కందకం, దానిమీద వరసగా గుండిగలు, చుట్టూ తువ్వాలు కట్టుకున్న మగ వంటవాళ్ళు. నలభీమపాకమని పేరే ఉంది కదా, బయటి వంట, పేరొచ్చే వంట మగవాళ్ళది. పెళ్ళయ్యాక గాడిపొయ్యిని తుడవక్కర్లేదు, మట్టి కప్పేస్తే సరి. గుండిగలు తోమడం మాత్రం ఉంటుంది. మర్నాడు పొద్దున్న బూడిదా కొబ్బరి పీచూ పట్టుకుని కాలవగట్టున కూర్చున్నది ఎవరో మా అమ్మకి పేరుపేరునా గుర్తు. వంటవాళ్ళ పేర్లు ఊరందరికీ గుర్తు.

నా గ్రిల్లు గాడిపొయ్యి లాంటిదనుకున్నాను నేను, కప్పేస్తే పోయేదని. మూత ఉంది కాబట్టి కప్పేశాను కూడా, మూడేళ్ళపాటు.

*

ఒక లెక్క చెప్పి ముగిస్తాను. అమెరికా గ్రిల్లు రెగ్యులేటర్ గ్యాస్‌ని సుమారు 28 సెంటీమీటర్ల నీటి మట్టం ఒత్తిడితో వదులుతుంది. మన ఇంటి స్టవ్ రెగ్యులేటర్ సుమారు 30. సిలిండర్లు వేరు, గ్యాస్ వేరు. ఇక్కడ ఒట్టి ప్రొపేన్, ఎందుకంటే బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరవడం మానేస్తుంది. పామర్రుకి ఆ బెంగ లేదు. కానీ బర్నర్ దగ్గరికొచ్చేసరికి ఆ మంట తోసే బలం రెండు చోట్లా దాదాపు ఒకటే. దాన్ని తుడవాల్సిన అవసరమూ అంతే. తేడా ఉన్నదల్లా, తుడవడం తన పని అని ఎవరనుకుంటారన్న దగ్గర.

ఆ ఆదివారం పని పూర్తయ్యాక అమ్మ బియ్యప్పిండితో గ్రిల్లు ముందు సిమెంటు మీద నాలుగు గీతల ముగ్గేసింది. నేను ఫోన్‌లో నెలకోసారి గుర్తుచేసేలా రిమైండర్ పెట్టుకున్నాను, కొవ్వు పళ్ళెం ఖాళీ చెయ్యాలని. చూసి అంది, “పొయ్యి తుడవడానికి కూడా ఫోన్ చెప్పాలా నాన్నా?”

అమ్మ అక్టోబరులో వెళ్ళిపోయింది. రిమైండర్ ఇంకా ఉంది. ఇప్పుడది మోగకముందే తుడిచేస్తున్నాను.